ఆస్పత్రి వెనక గది

ఆ గది మాకు దక్కకుండా పోయింది ఒక మంగళవారం పొద్దున. పోతున్న సంగతి నాకు తెలిసేసరికి, దాన్ని ఇంకొకరికి నేనే దగ్గరుండి ఇప్పిస్తున్నాను.

మా ఆయన వైద్యం కోసం పరాయి దేశం వెళ్ళాం. ఆయనది రక్తానికి సంబంధించిన జబ్బు. ఎముకల్లోని మూలుగ మార్చాలన్నారు. చికిత్స ఖర్చు ఒక ధర్మసంస్థ పెట్టుకుంది. బస సంగతి మాత్రం మేమే చూసుకోవాలి. మార్పిడి అయిపోయి వార్డు నుంచి పంపేశాక, వేసవి గడిచేదాకా ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండాలి. రోజూ పొద్దున వెళ్ళి పరీక్షకి రక్తం ఇవ్వాలి, మధ్యాహ్నం డాక్టరుకి కనబడాలి.

"మెట్లు లేని గది చూడండి. నడిచి రాగలిగేంత దగ్గర్లో చూడండి. ఆయన ఒంట్లో ఉన్న కాస్త శక్తీ రక్తం తయారవడానికి కావాలి. దారిలో ఖర్చయిపోకూడదు" అని డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది.

ఆయన వార్డులో ఉన్నన్నాళ్ళూ నేను ఆస్పత్రివాళ్ళు చూపించిన ఆడవాళ్ళ హాస్టల్లో ఒక మంచం మీద గడిపాను. పక్క మంచం టైలరు భార్యది. మనవాళ్ళే. టైలరు కూడా అదే జబ్బుతో, అదే చికిత్సకి, మా ఆయన ఉన్న వార్డుకే వచ్చాడు. ఆమెకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. అందుకని నర్సు ఏం చెప్పినా ఆమె నా మొహం చూసేది. నేను గదులు చూడ్డానికి బయల్దేరితే చెప్పులేసుకుని వెనకే వచ్చేది.

"ఒక్కదాన్నే కూర్చుంటే పిచ్చెక్కిపోతోంది వదినా. మీతో వస్తే నాలుగు వీధులు చూసినట్టయినా ఉంటుంది" అనేది.

మా ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది కాబట్టి నేను వదినని. నేను ఆమెని చివరిదాకా "మీరు" అనే అన్నాను. అది గౌరవం కాదు.

గదులు వెతకడం నాకు అలవాటు లేని పని. పెళ్ళయినప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ పరాయి ఊళ్ళో ఏడాదికైతే ఇస్తామనేవాళ్ళు, ఒక్క వేసవికంటే మాట తుంచేసేవాళ్ళు. వారాల లెక్కన ఇచ్చేవి లేకపోలేదు. అవి విహారానికి వచ్చినవాళ్ళకి. ఆ అద్దెలు మా అందుబాటులో లేవు. ఒకాయన ఆ ఊరి మనిషి ఎవరైనా హామీ ఉండాలన్నాడు. ఒకావిడ అన్నిటికీ ఒప్పుకుని, "మీ ఆయన ఏం పని మీద వచ్చారు?" అని అడిగింది. నేను నిజం చెప్పగానే, ఆ గదికి ఇంకెవరో బయానా ఇచ్చిన సంగతి ఆవిడకి గుర్తొచ్చింది. ఒకచోట వంట చేసుకోకూడదు. ఇంకోచోట వంట చేసుకోవచ్చు, కిటికీ లేదు. చివరికి మిగిలిన దారి ఒక్కటే: సెలవులకి ఊళ్ళకి వెళ్తూ విద్యార్థులు వదిలే గదులు. కాలేజీలు తెరిచేలోపు ఖాళీ చేస్తామంటే తక్కువకే వస్తాయి. పరీక్షలు ముగిసిన వారంలోనే అయిపోతాయి కూడా.

ఆ గది అలాంటిదే. ఆస్పత్రి వెనక గోడని ఆనుకున్న సందులో ఉంది. వీధిలోంచి ఒక్క మెట్టెక్కితే గుమ్మం. మంచం, బల్ల, గోడలో కట్టిన అలమర, మూలన పొయ్యి, పెద్ద కిటికీ. కిటికీ అవతల బట్టలారేసుకునే చిన్న జాగా. నేను గుమ్మంలో నిలబడే మంచం ఎటు జరపాలో, మందులు ఏ అరలో పెట్టాలో చూసేసుకున్నాను.

ఇంటావిడ పొడుగాటి మనిషి. నడుముకి తాళాల గుత్తి వేలాడుతోంది. కాస్త ఇంగ్లీషు వచ్చు.

"నచ్చిందా? తీసుకుంటారా?" అని అడిగింది.

"చాలా బాగుంది. కాకపోతే రోగితో ఉండేవాళ్ళం, మీకు ఇబ్బందవుతుందేమో. మేం ఇంకెక్కడైనా చూసుకోగలం" అన్నాను.

మన దగ్గరయితే ఆ మాటకి ఇంటావిడ "భలేవారే, ఇబ్బందేముంది" అంటుంది. "అబ్బే, మీకెందుకండీ శ్రమ" అని మనం ఇంకోసారి అంటాం. ఆవిడ బలవంతం చేస్తుంది. మీరంతగా అంటున్నారు కాబట్టి, అని మనం తాళంచెవి అందుకుంటాం. ఈవిడ నేను చెప్పింది శ్రద్ధగా విని, అర్థమైందన్నట్టు తల ఊపి, నా భుజం తట్టింది. అంతే. తాళాల గుత్తి సర్దుకుంటూ గుమ్మం వైపు తిరిగింది.

"ఏమంటోంది వదినా?" అని టైలరు భార్య అడిగింది.

"నచ్చిందా అంది."

"మీరేమన్నారు?"

"ఇంకెక్కడైనా చూసుకుంటామన్నాను."

"అయ్యో, ఇంత బాగుంటే! సరే, మీకక్కర్లేకపోతే ఇది నాకు." చేతిలో ఉన్న సంచి మంచం మీద పెట్టి, పక్కనే తనూ కూర్చుని, పరుపు గట్టిగా ఉందో మెత్తగా ఉందో రెండుసార్లు ఊగి చూసింది. "ఉంచేసుకుంటానని చెప్పండి వదినా, తాళం తీసుకుపోతోందావిడ!"

కాదు, ఇది మాకు కావాలి, అని అప్పుడైనా అనొచ్చు. ఆ మంచం మీద ఆమె కాళ్ళూపుకుంటూ కూర్చున్నాక ఆ మాట నా నోట రాలేదు. ఇంటావిడతో మాట్లాడాను. చెప్పులు బయట విడవాలి, వేపుళ్ళు చేసేటప్పుడు కిటికీ తెరవాలి, కాలేజీలు తెరిచే ముందు ఖాళీ చెయ్యాలి. ఒక్కొక్క షరతూ తెలుగులోకి మార్చి చెప్పాను. ఒక్క మాట తప్పు పోలేదు.

ఆ సాయంత్రం వార్డులో ఈ సంగతి చెబితే మా ఆయన దుప్పటి కదిలేలా నవ్వారు. ఆయన బస్సు కండక్టరు.

"సంచి మంచం మీద పెట్టేసిందా? ఇంకేముంది, కిటికీలోంచి రుమాలు వేసినట్టే. ఎన్ని తగాదాలు తీర్చాను నేను! క్యూలో ముందు నిలబడ్డవాడిది కాదు టీచరమ్మా, రుమాలు వేసినవాడిదే సీటు."

"మీకు నవ్వులాటగా ఉంది. అది మీకోసం చూసిన గది."

"తెలుసులే. నువ్వు సీటు ఖాళీగా ఉన్నా అటూ ఇటూ చూసి, ఎవరైనా కూర్చుంటారా అని అడిగే రకం. మా బస్సులో అలాంటివాళ్ళు ఆఖరి స్టాపు దాకా నిలబడే వచ్చేవాళ్ళు."

"మాకూ కావాలేమోనని ఆమె అడగనైనా అడగలేదు."

"ఎక్స్‌ప్రెస్ కదా, మధ్యలో ఆగదు" అన్నారు. టైలరు భార్య మాటలు మొదలుపెడితే ఆపదని ఆమెకి అప్పటికే ఆ పేరు పెట్టేశారు. మొహం మీదే అనేవారు. ఆమె పగలబడి నవ్వేది.

డిశ్చార్జి ముందురోజు దొరికింది ఇంకో గది. బస్సెక్కి వెళ్ళాలి. బట్టలు ఉతికే దుకాణం పైన, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక విద్యార్థిది. అతను సెలవులకి ఊరెళ్తూ తన సామానంతా అలాగే వదిలిపోయాడు. గోడల నిండా ఆటగాళ్ళ బొమ్మలు, కిటికీలో మేం నీళ్ళు పోయాల్సిన ముళ్ళ మొక్క, ముట్టుకోవద్దని చీటీ అంటించిన అర. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కింద మిషన్లు తిరుగుతుంటే నేల అదిరేది.

"కింద ఇంజను నడుస్తోంది, బండి మాత్రం కదలట్లేదు" అన్నారు ఆయన, మొదటిసారి ఆ మెట్లన్నీ ఎక్కి మంచం మీద వాలాక. ఆ మాట అనడానికి చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నారు.

పొద్దున రక్తం ఇస్తే ఫలితం మధ్యాహ్నానికి వచ్చేది. ఈలోగా దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి నడుం వాల్చేవాళ్ళు. మాకు అది కుదరదు. మొదటిరోజు బెంచీ మీద ఆయన నా భుజాన తలపెట్టుకుని కూర్చుంటే, టైలరు భార్య ఎక్కణ్ణించి చూసిందో వచ్చి ఆయన చేయి పట్టుకుంది.

"ఇదేంటన్నయ్యగారూ, ఇల్లు లేనివాళ్ళలాగా ఇక్కడ! లేవండి లేవండి. వదినా, ఆ బ్యాగందుకోండి."

అలా మా మధ్యాహ్నాలు ఆ గదిలో గడవడం మొదలైంది. మా ఆయన వాళ్ళ మంచం మీద పడుకునేవారు. టైలరు కుర్చీలో కాళ్ళు బల్ల మీద పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని కూర్చునేవాడు. తక్కువ మాట్లాడేవాడు. ఊరికే ఉండలేక ఇంటావిడ కర్టెన్లు చేత్తోనే కుట్టి సరిచేశాడు. దాంతో ఇంటావిడ వాళ్ళకి పళ్ళు తెచ్చిపెట్టేది. టైలరు భార్య తెలుగులో, ఆవిడ తన భాషలో గుమ్మంలో నిలబడి ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్ళు. ఒకరిదొకరికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇంటావిడ నాకు మర్యాదగా తల ఊపి వెళ్ళిపోయేది.

నేను గోడవారగా స్టూలు మీద కూర్చునేదాన్ని. ఆ గదిలో ప్రతి వస్తువూ నాకు తప్పుగా కనబడేది. మంచం కిటికీకి అడ్డంగా వేసింది, గోడకి చేర్చాలి. మందులు పొయ్యి పక్కన పెట్టింది, వేడి తగులుతుంది. పైకి ఏమీ అనేదాన్ని కాదు. ఇంటికెళ్ళాక, ఆ ఆటగాళ్ళ బొమ్మల మధ్య పడుకుని, ఆ గదిని మొదటి నుంచీ సర్దేదాన్ని.

అన్నిటికంటే ఓర్చుకోలేకపోయింది తిండి విషయం. చికిత్స తర్వాత ఆయనకి నోరంతా చేదు. నేను ఏం చేసిపెట్టినా నాలుగు మెతుకులు కెలికి పళ్ళెం జరిపేసేవారు. ఇక్కడ ఆమె పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడేది.

"ఇంకో ముద్ద."

"వద్దు తల్లీ."

"వద్దంటే వదిలేసేది వదిన, నేను కాదు. ఇది తినకపోతే మిమ్మల్ని దిగనివ్వను. టికెట్టు కొట్టండి, తినండి."

ఆయన నవ్వి తినేవారు. నిజంగా తినేవారు. ఆయన కడుపులోకి నాలుగు మెతుకులు వెళ్తున్నాయని నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. కాని ఆ పళ్ళెం ఖాళీ అవుతుంటే, దాన్ని ఆమె చేతిలోంచి లాక్కోవాలనిపించేది.

ఒకరోజు బస్సులో అడిగాను. "నేను పెడితే ఎందుకు తినరు?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "నువ్వు పెట్టేటప్పుడు నా మొహం చూస్తావు" అన్నారు. "ఆమె పళ్ళెం చూస్తుంది."



ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ముందుగా టైలరుని పిలిచింది. నేనూ మా ఆయనా బయట కూర్చున్నాం. మాట అర్థం కాకపోతే సాయం చెయ్యమని నన్ను కూడా లోపలికి పిలుస్తారేమోనని లేవబోయాను. ఆ రోజు అవసరం పడలేదు. తలుపు తెరుచుకుని ముందు టైలరు వచ్చాడు, వెనక ఆమె. ఆమె మొహం వెలిగిపోతోంది. నన్ను చూడగానే ఆ వెలుగు తీసేసింది. పమిట చెంగుతో నోరు తుడుచుకుంది, ఏదో పోగొట్టుకున్నదానిలా చేతి సంచిలో వెతకడం మొదలుపెట్టింది.

"ఏమన్నారు?" అని మా ఆయన అడిగారు.

"ఏముంది అన్నయ్యగారూ, ఎప్పటి మాటలే. మందులు మానొద్దన్నారు" అంది.

మా ఆయన టైలరు వైపు చూశారు. టైలరు నేల వైపు చూస్తున్నాడు. మా ఆయన చేయి చాచి అతని మోకాలు గట్టిగా నొక్కారు. "ఎక్కిందా? రైట్ రైట్" అన్నారు.

కొత్త మూలుగ అతని ఒంట్లో పట్టింది. రక్తం తయారవడం మొదలైంది. ఆమె సంతోషం నా ముందు దాచుకున్నందుకు, దాచకుండా గంతులేసి ఉంటే వచ్చేదానికంటే ఎక్కువ ఒళ్ళు మండింది. నా మీద జాలిపడే హక్కు ఆమెకి ఎవరిచ్చారు అనుకున్నాను.

తర్వాత మమ్మల్ని పిలిచారు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా మాట్లాడింది. ఇంకా చూద్దాం అంది. ఆ వాక్యాన్ని నేను మా ఆయనకి తెలుగులో చెప్పాను. "ఇంకా టైముందన్నారు" అని చెప్పాను.

ఆ సాయంత్రం ఆయన మెట్ల మధ్యలో కూర్చుండిపోయారు. కింద దుకాణంలోంచి సబ్బు వాసనతో వేడిగాలి పైకి వస్తోంది. బట్టల మూట పట్టుకుని దిగుతున్న ఒకాయన మమ్మల్ని చూసి గోడకి ఒదిగి దారిచ్చాడు.

"డ్రైవరు టీ తాగుతున్నాడు, రెండు నిమిషాలాగండి" అన్నారు ఆయన ఆ మనిషితో, తెలుగులోనే.

రెండు నిమిషాలు కాదు. వెలుతురు పోయేదాకా అక్కడే కూర్చున్నాం.

మర్నాడు రక్తానికి వెళ్ళేసరికి నేను చెప్పకుండానే ఆమెకి తెలిసిపోయింది. ఆయన పాంటుకి మెట్ల దుమ్ము ఇంకా ఉంది. ఆ తర్వాతి రోజు ఆదివారం, రక్తం ఇవ్వక్కర్లేదు. పొద్దున్నే తలుపు తట్టారు. తీస్తే టైలరు భార్య. రెండు చేతుల్లో రెండు సంచులు, చంకలో దిండు. రొప్పుతోంది.

"అబ్బబ్బ, ఏం మెట్లు వదినా ఇవి! బస్సులో రెండు స్టాపులు ముందే దిగిపోయా. ఎవరినడిగినా తెలీదంటారు, సబ్బు వాసన పట్టుకుని వచ్చేశా. కాసిని మంచినీళ్ళివ్వండి. ఊఁ, సర్దండి మరి."

"ఏం సర్దాలి?"

"సామాను. మేం ఇక్కడికి వచ్చేస్తున్నాం, మీరక్కడికి. మా ఆయన కింద మెట్ల దగ్గర కూర్చున్నాడు, మెల్లగా ఎక్కుతాడులెండి. ఇంటావిడతో మాట్లాడేశా."

"మీరెలా మాట్లాడారు?"

"ఇలా." దిండు పక్కన పడేసి, మెట్లెక్కుతున్నట్టు కాళ్ళు ఎత్తి ఎత్తి వేసి, గుండె పట్టుకుని, కళ్ళు తేలేసింది. "రెండోసారి చేసి చూపించేసరికి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది పాపం."

మంచం మీద నుంచి మా ఆయన నవ్వడం, నవ్వు దగ్గులోకి దిగడం వినబడింది.

"అక్కర్లేదండీ. మాకిక్కడ బాగానే ఉంది" అన్నాను.

ఆమె నీళ్ళు తాగడం ఆపి నా వైపు చూసింది. అంతవరకూ ఆమె నన్ను అలా చూడలేదు.

"మీకు అక్కర్లేదేమో వదినా" అంది. "అన్నయ్యగారికి కావాలి."

గ్లాసు కడిగి బోర్లించింది. తర్వాత గోడ మీద బొమ్మల్ని చూసి, "వీళ్ళెవరు, ఇంతమంది మొగాళ్ళు?" అంది.

నేను సామాను సర్దాను. ముళ్ళ మొక్కకి ఎప్పుడెప్పుడు నీళ్ళు పోయాలో ఆమెకి చెప్పాను.

అలా ఆ గది నాది అయింది. మొదటి పని మంచం గోడకి చేర్చాను. మధ్యాహ్నం ఎండ తిన్నగా వచ్చి ఆయన కళ్ళలో పడింది. కర్టెన్ వేస్తే గాలాడలేదు. తలవైపు మార్చి చూశాను, ఇంటావిడ ఇంకో కర్టెన్ తెచ్చి ఇచ్చింది, లాభం లేదు. ఆయన కళ్ళమీద చేయి అడ్డం పెట్టుకుని నా అవస్థ చూస్తూ పడుకున్నారు.

"డ్రైవరు మారినా రూటు అదే టీచరమ్మా. ఆ మంచం పాత చోటికే లాగెయ్" అన్నారు.

లాగేశాను. మందులు మాత్రం పైఅరలోకి మార్చాను. పొయ్యి పక్కన ఉంటే చేతికందేవి. ఇప్పుడు ప్రతిసారీ స్టూలెక్కాల్సి వచ్చింది. అయినా మార్చలేదు.

ఆ రోజుల్లో మేం ఇద్దరమే ఉన్నాం. నేను కోరుకున్నది అదే. ఆయన కిటికీలోంచి తాళ్ళ మీద ఆరిన బట్టలు చూస్తూ ఎవరెవరి ఇంట్లో ఎంతమంది ఉంటారో లెక్క కట్టేవారు. మేం మొదటిసారి కలిసి చూసిన సినిమా మధ్యలో కరెంటు పోతే ఆయన హాల్లో అందరికీ టికెట్టు వాపసు ఇప్పించిన కథ మళ్ళీ చెప్పారు. నేను కొత్తగా విన్నట్టే విన్నాను. ఆ గదిలో నేను పెడితే కూడా తిన్నారు. పళ్ళెం మాత్రమే చూడ్డం నేర్చుకున్నాను.

కాని మధ్యాహ్నం కాగానే గుమ్మం వైపు చూసేవారు.

"ఎక్స్‌ప్రెస్ రాలేదా ఇవాళ?"

"ఎందుకు రాదు, వస్తుంది. ఆమె రాకుండా ఎవరు ఆపగలరు?"

"కోపమా?"

"కోపమేం లేదు."

"మరి?"

స్టూలెక్కి మందులు తీశాను. వాళ్ళిద్దరూ వచ్చేవారు. టైలరు ఇప్పుడు మూతికి గుడ్డ లేకుండా, ఒక చేత్తో కూరగాయల సంచి మోసుకుంటూ వచ్చేవాడు. ఒక్కొక్క వారానికీ అతని చెంపలు నిండుతూ వచ్చాయి. ఆ మూడంతస్తులూ మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాడని ఆమె ఒకసారి నోరు జారి అనేసి, వెంటనే కూరగాయలు తరగడంలో పడింది. అతని నెత్తిమీద మెత్తగా నల్లటి జుట్టు మొలవడం నాకు కనబడేది. గది అవతలి కొస నుంచి కూడా కనబడేది. అదే మందు, అదే వార్డు, అదే డాక్టరు. నేను ఆ జుట్టు వైపు చూసినట్టు జీవితంలో ఏ నగ వైపూ, ఏ చీర వైపూ చూడలేదు.

ఆయన శుక్రవారం మధ్యాహ్నం పోయారు. ఆ గదిలోనే. డాక్టరమ్మ వెనక సందులోంచి నడుచుకుంటూ వచ్చింది, అంత దగ్గర.

కాగితాలు తెమలడానికి, ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి కొన్నాళ్ళు పట్టింది. ఇంటావిడ, కాలేజీలు తెరిచే రోజులు దగ్గరపడుతున్నా, తొందర లేదంది. నేను ఇంగ్లీషులో కృతజ్ఞతలు చెప్పాను. ఆవిడ నా భుజం తట్టింది.

టైలరు భార్య పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండేది. మాట్లాడేది కాదు. నేను ఆస్పత్రి ఆఫీసుకి వెళ్ళి వచ్చేసరికి ఒకరోజు ఆయన బట్టలన్నీ ఉతికి, ఆరేసి, మంచం మీద మడతలు పెడుతోంది. ఆయన చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని చేతులు సాపు చేస్తోంది.

"అవి ముట్టుకోకండి" అన్నాను.

"ఉతికినవే వదినా. ఊరికే మడత..."

"నేను పెట్టుకుంటాను. మీ ఇంట్లో మీకు పనుంది కదా. చొక్కా వేసుకునే మనిషి ఉన్నాడు కదా."

ఆమె చొక్కా మంచం మీద పెట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. వెళ్ళిపోలేదు. నేను మడతలు పెట్టుకున్నాను.

నేను బయల్దేరిన రోజు వాళ్ళిద్దరూ వచ్చారు. టైలరు నా పెట్టె మోశాడు. అంత బరువు పెట్టె అతను కారు దాకా ఆగకుండా మోసుకెళ్తుంటే నేను వెనక నడిచాను. కారు కదిలే ముందు ఆమె కిటికీలోంచి చేయి లోపలికి పెట్టి నా చేయి పట్టుకుంది. డ్రైవరు అద్దం పైకెత్తబోతే వదిలింది.

ఇప్పుడు మళ్ళీ బడికి వెళ్తున్నాను. పిల్లలకి ఏం తెలుసో ఏమో, నా క్లాసులో అల్లరి తగ్గించారు. టైలరు భార్య ఆదివారాలు ఫోను చేస్తుంది. వాళ్ళు కూడా తిరిగి వచ్చేశారు, దుకాణం మళ్ళీ తెరిచారు. తిన్నారా వదినా అంటుంది. ఒక్కరే ఉండకండి, సెలవులకి మా ఊరు రండి అంటుంది. వాళ్ళమ్మాయి లెక్కల్లో మొద్దని, ఇంటిముందు పంపు పనిచెయ్యట్లేదని, ఎదురింటావిడతో మాటామాటా వచ్చిందని చెబుతుంది. ఇంటిల్లిపాది సంగతీ చెబుతుంది, ఒక్క మనిషిది తప్ప. ఫోను ఎత్తగానే వెనక కుట్టుమిషను చప్పుడు వినబడుతుంది. నేను "హలో" అన్నాక అది ఆగిపోతుంది. మేం మాట్లాడుకున్నంతసేపూ మళ్ళీ మొదలవదు.

అతని ఒంట్లో ఎలా ఉందని నేను ఆమెని ఇంతవరకూ అడగలేదు.